ట్యూబ్ యాంప్ మొరాయిస్తే: ట్యూబులు కొనే ముందు చూడాల్సినవి

గిటార్ యాంప్ గొంతు కాస్త మారగానే చాలామంది చేసే మొదటి పని కొత్త ట్యూబుల (సిగ్నల్‌ను పెంచే గాజు వాల్వుల) సెట్టు కొనడం. ఒక్కోసారి దాంతో బాగవుతుంది. బాగవకపోతే డబ్బూ పోతుంది, లోపమూ అలాగే ఉంటుంది. బయాస్ (పవర్ ట్యూబులో పారే కరెంటును అదుపులో ఉంచే వోల్టేజీ) దెబ్బతిన్న యాంపులో అయితే కొత్త ట్యూబులు కూడా మాడిపోతాయి. అందుకే లోపం ఎక్కడుందో మీటరు చెప్పేదాకా నేను ఏ భాగాన్నీ మార్చను.

ముందు ప్రాణం సంగతి. ట్యూబ్ యాంప్ లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినంత మాత్రాన అది పోదు, సప్లైని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో నిలవ ఉండిపోతుంది. దాన్ని దించడానికి కొన్ని యాంపుల్లో బ్లీడర్ రెసిస్టర్ పెడతారు కానీ అది ఎప్పుడో తెగిపోయి ఉండొచ్చు, దాని మీద భరోసా వద్దు. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి ఖాళీ చేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. 10 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరుకు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు అతికించుకోండి. ప్లగ్గు పీకాక ఒక క్లిప్పు ముందు చాసిస్‌కు (యాంప్ లోహపు చట్రానికి) తగిలించి, రెండోది కెపాసిటర్ పాజిటివ్ కాలికి పెట్టి పది పదిహేను సెకన్లు ఉంచండి. తర్వాత మీటరుతో ప్రతి కెపాసిటరూ కొలవండి. స్టాండ్‌బై స్విచ్‌కు అటూ ఇటూ వేరువేరుగా కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఖాళీ అయితే అన్నీ ఖాళీ అయినట్టు కాదు. ఖాళీ చేసిన కెపాసిటర్లో కూడా కాసేపటికి కొద్దిగా వోల్టేజీ మళ్లీ ఊరుతుంది, కాబట్టి పని అయ్యేదాకా ఆ క్లిప్పు తియ్యొద్దు.

మీటరూ దాని ప్రోబులూ 1000 వోల్టులకు తట్టుకునేవై ఉండాలి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబును ముందే చాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఎర్ర ప్రోబును ఒక్క చేత్తో పట్టుకోవాలి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఈ పద్ధతి మీకు అలవాటు లేకపోతే ఆన్‌లో ఉన్న యాంప్ జోలికి వెళ్లొద్దు. లోపల చెయ్యి పెట్టకుండా తేలే లోపాలే బోలెడు ఉంటాయి. ఇంకొక్క మాట: స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంపును ఆన్ చేయకూడదు. లోడు లేకుండా సిగ్నల్ వెళ్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో పుట్టే వోల్టేజీ దాని చుట్లనే చీల్చేస్తుంది. యాంపులో అన్నిటికన్నా ఖరీదైన భాగాల్లో అదొకటి.

సౌండు రావడం లేదనుకుందాం. గిటారూ కేబులూ స్పీకరు వైరూ మార్చి చూశాక, వెనక ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్టు పెట్టెలు తగిలించే సెండ్, రిటర్న్ జాకుల జత) ఉంటే సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న కేబుల్ గుచ్చండి. సౌండు వచ్చేసిందంటే రిటర్న్ జాక్ లోపలి స్విచ్ కాంటాక్టు చిలుము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గును నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే చాలు. ఇంత చిన్న విషయానికి ట్యూబులన్నీ మార్చేసిన యాంపులు నేను చూశాను. అప్పటికీ రాకపోతే రిటర్న్‌లోకి ఫోను నుంచి పాట పంపండి. వినిపిస్తే స్పీకరును నడిపే పవర్ సెక్షన్ బాగుంది, లోపం దానికి ముందుండే ప్రీయాంపులో ఉంది. వినిపించకపోతే లోపం పవర్ సెక్షన్ వైపు ఉంది. రెండు నిమిషాల్లో వెతకాల్సిన చోటు సగమైపోయింది.

ఫ్యూజు పోయిన యాంప్ వేరే కథ. పెద్ద ఫ్యూజు వేయడం, రేకు చుట్టడం లాంటివి అసలు చేయొద్దు. అదే రేటింగు, అదే స్లో బ్లో రకం వేయండి. పవర్ ట్యూబులు పీకేసి, 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును మెయిన్స్‌తో సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సప్లై బాగున్నట్టే, అనుమానం పవర్ ట్యూబుల మీదా బయాస్ మీదా. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబు ఉంటే అది తీసి చూడండి. ఆ పనికి డయోడ్లు వాడి ఉంటే మీటరు డయోడ్ మోడ్‌లో ఒక వైపు 0.5, 0.6 వోల్టులు చూపించి రెండో వైపు ఏమీ చూపించకూడదు. ఆ తర్వాత ఫిల్టర్ కెపాసిటర్లు, చివరికి ట్రాన్స్‌ఫార్మర్.

పవర్ ట్యూబులను గదిలో లైటు ఆర్పి చూడాలి. మధ్యలో నారింజ వెలుగు హీటరుది, అది ఉండాల్సిందే. గాజు లోపలి గోడ మీద పల్చని నీలి వెలుగు కూడా దోషం కాదు. పైన అద్దంలా మెరిసే పూత పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి చేరింది, ఆ ట్యూబు అయిపోయినట్టే. అసలు భయపడాల్సింది ట్యూబు లోపలి బూడిద రంగు ప్లేటు లోహం మసక ఎరుపు ఎక్కుతున్నప్పుడు. ఆ క్షణమే స్విచ్ ఆపేయాలి. ఫిక్స్‌డ్ బయాస్ (గ్రిడ్‌కు విడిగా మైనస్ వోల్టేజీ ఇచ్చే) యాంపయితే, చల్లారాక ట్యూబులు తీసేసి, మళ్లీ ఆన్ చేసి ఖాళీ సాకెట్ల గ్రిడ్ (ట్యూబులో కరెంటును అదుపు చేసే కాలు) దగ్గర వోల్టేజీ కొలవండి. ఈఎల్34, 6ఎల్6, 6వీ6లకు అది 5వ పిన్ను. ట్యూబులు లేనప్పుడు మిగతా వోల్టేజీలు మామూలుకన్నా పెరుగుతాయి, చెయ్యి మరింత జాగ్రత్త. అన్ని సాకెట్లలోనూ మైనస్ వోల్టేజీ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో మాత్రం సున్నాకు దగ్గరగానో ప్లస్‌లోనో ఉంటే, ఆ గ్రిడ్‌కు సిగ్నల్‌ను మాత్రమే పంపి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ డీసీ కారుస్తోంది, లేదా బయాస్ తెచ్చే రెసిస్టర్ తెగింది. నేరం ట్యూబుది కాదు.

హమ్ (ఆగకుండా గుయ్యిమనే శబ్దం) విషయంలో చెవే సగం మీటరు. వాల్యూములన్నీ సున్నా చేసినా అదే హమ్ వస్తుంటే ఫిల్టర్ కెపాసిటర్ల వైపు చూడండి. ఉబ్బినా, కింద జిగురులాంటిది కారినా సందేహం అక్కర్లేదు. పైకి బాగున్నా ఇరవై ఏళ్లు దాటినవాటిని నేను మార్చేస్తాను. వాల్యూముతో పాటు హమ్ పెరిగితే లోపం ముందు దశల్లో ఉంది. టకటకలూ కీచుమనే శబ్దాలూ ఉంటే చెక్క పెన్సిలు వెనక భాగంతో చిన్న ట్యూబులను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. మిగతావాటికన్నా గట్టిగా గంటలా మోగేది మైక్రోఫోనిక్ అయింది, అంటే అదురును కూడా శబ్దంగా మారుస్తోంది.

వేడెక్కాక సగం గొంతు పోయే యాంప్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ట్యూబులు అప్పటికే కొత్తవి. బోర్డు తిప్పి భూతద్దంతో చూస్తే ఈఎల్84 పవర్ ట్యూబు సాకెట్ పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని గుండ్రటి బీట. సాకెట్ నేరుగా బోర్డుకే అతికించిన యాంపుల్లో ఇది మామూలే. ట్యూబు వేడికి లోహం వ్యాకోచిస్తూ సంకోచిస్తూ టంకం అలసిపోతుంది. పాత టంకం పీల్చేసి కొత్తది పెట్టాలి, పైపైన కరిగిస్తే మళ్లీ విరుగుతుంది.

ప్రీయాంపులో 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబు సాకెట్ 1, 6 పిన్నుల్లో (ప్లేట్లు) సాధారణంగా 150 నుంచి 250 వోల్టులు, 3, 8 పిన్నుల్లో (క్యాథోడ్లు) 1 నుంచి 2 వోల్టులు ఉంటాయి. ప్లేటు మీద సప్లై వోల్టేజీ మొత్తం కనిపించి క్యాథోడ్ సున్నా అయితే ఆ ట్యూబులో కరెంటు పారడం లేదు. హీటరు వెలుగుతోందేమో చూసి ట్యూబు మార్చి చూడండి. ప్లేటు మీద ఏమీ లేకపోతే 100 కిలో ఓముల ప్లేటు రెసిస్టర్ తెగి ఉండొచ్చు. క్యాథోడ్ ఫాలోయర్ (సిగ్నల్‌ను క్యాథోడ్ నుంచి బయటికి తీసే) దశకు మాత్రం ఈ లెక్క కుదరదు, దాని క్యాథోడ్ మీద పెద్ద వోల్టేజీ ఉండటం సహజం.

పవర్ ట్యూబులు మార్చితే ఫిక్స్‌డ్ బయాస్ యాంపులో బయాస్ తప్పక సరిచూడాలి. ఈఎల్34 ప్లేటు గరిష్ఠంగా 25 వాట్లు తట్టుకుంటుంది. అందులో 70 శాతం అంటే 17.5 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకు సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. ఇది పైహద్దు, లక్ష్యం కాదు. నేను దానికి కాస్త తక్కువలోనే ఆపి, యాంపును అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ కొలుస్తాను. చివరగా వచ్చిన వోల్టేజీలన్నీ తేదీతో సహా కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించండి. మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఏ అంకె జరిగిందో చూడగానే తెలుస్తుంది.