క్యాన్సర్ చికిత్స ప్లాన్‌లో మీ మాట కూడా ఉండాలంటే డిజిటల్ సాధనాలను ఎలా వాడుకోవాలి?

క్యాన్సర్ అని తేలిన మొదటి కొన్ని వారాల్లోనే పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తుంది. ఆపరేషన్ ముందా, కీమో ముందా? రేడియేషన్ అవసరమా? అసలే టెన్షన్‌లో ఉంటాం కాబట్టి డాక్టర్ గదిలో విన్నదాంట్లో సగం బయటికి వచ్చేసరికి గుర్తుండదు. ఆస్పత్రి పోర్టళ్లు (మన రిపోర్టులు, అపాయింట్‌మెంట్లు చూసుకునే ఆస్పత్రి వెబ్‌సైట్లు), లక్షణాలు నమోదు చేసే యాప్‌లు పనికొచ్చేది ఇక్కడే. కానీ రోగికి ఏది ముఖ్యమో వాటిలో ఎక్కడా లేకపోతే, ఎంత మంచి యాప్ అయినా రిపోర్టులు దాచుకునే చోటుగానే మిగిలిపోతుంది.

1. రిపోర్టులన్నీ ఒకచోట చేర్చండి

ఆస్పత్రికి పేషెంట్ పోర్టల్ ఉంటే లాగిన్ తీసుకోండి. లేకపోతే ఫోన్‌లో ఒక ఫోల్డర్ చాలు. అన్నిటికంటే ముఖ్యమైనది బయాప్సీ రిపోర్టు. క్యాన్సర్ రకం, గ్రేడ్ (కణాలు ఎంత అసాధారణంగా కనిపిస్తున్నాయో చెప్పేది), రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్ (హార్మోన్లకు స్పందించే గుణం), హెర్-2 (ఒక రకం ప్రోటీన్) ఫలితాలు చూసే డాక్టర్లు మందులు ఎంచుకుంటారు. స్కాన్ రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా అసలు చిత్రాలున్న సీడీ గానీ, లింక్ గానీ అడిగి తీసుకోండి. ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలంటే అవి ఉండాలి. వాడుతున్న మందుల జాబితాలో బీపీ, షుగర్ మాత్రలతో పాటు విటమిన్లు, మూలికా మందులు కూడా రాయండి. కొన్ని మూలికలు కీమో మందుల పనితీరును మార్చేస్తాయి.

కొన్ని పోర్టళ్లలో డాక్టర్ ఫోన్ చేయకముందే రిపోర్టు కనిపిస్తుంది. వెంటనే తెరవాలా, డాక్టర్‌తో మాట్లాడేదాకా ఆగాలా అనేది ముందే అనుకోండి. ఆగడంలో తప్పేమీ లేదు.

2. ఇంకొకరికి యాక్సెస్ ఇవ్వండి

కుటుంబంలో ఒకరికి విడిగా లాగిన్ ఇచ్చే సౌకర్యం చాలా పోర్టళ్లలో ఉంటుంది. పాస్‌వర్డ్ చెప్పేయడం కన్నా అదే మేలు. ఎవరు ఏం చూడొచ్చో మాత్రం రోగే చెప్పాలి.

3. మీకేది ముఖ్యమో రాతలో పెట్టండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే. కెనడాలో తయారైన 'ఒట్టావా పర్సనల్ డెసిషన్ గైడ్' అనే ఫారం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ ముందున్న ఒక్కో దారికి లాభాలు, నష్టాలు రాసి, ఒక్కోటి మీకు ఎంత ముఖ్యమో 0 నుంచి 5 స్టార్‌లు వేయాలి. ఫారం దొరక్కపోతే ఫోన్ నోట్స్‌లో రాసుకున్నా సరే.

ఉదాహరణకి, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులతో వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. ఒకరికి అది ఓర్చుకోగలిగిన ఇబ్బందే. కుట్టుపని మీద బతికే మనిషికి మాత్రం అది జీవనాధారానికే దెబ్బ. ఈ సంగతి ఏ స్కాన్‌లోనూ కనిపించదు, మనం చెబితేనే డాక్టర్‌కి తెలుస్తుంది. ఆ పేజీని అపాయింట్‌మెంట్‌కి ముందే పోర్టల్‌లో పంపండి, లేదా ప్రింట్ తీసి చేతికివ్వండి.

4. అంకెలను డాక్టర్ పక్కన కూర్చుని చూడండి

తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత ఏ చికిత్స ఎంత మేలు చేయగలదో చూపే 'ప్రెడిక్ట్' అనే వెబ్ సాధనం బ్రిటన్‌లో తయారైంది. వయసు, గడ్డ సైజు, గ్రేడ్, క్యాన్సర్ పాకిన లింఫ్ గ్రంథుల వివరాలు ఇస్తే, అలాంటి 100 మంది మహిళల్లో కొన్నేళ్ల తర్వాత ఎంతమంది బతికి ఉంటారో, హార్మోన్ మాత్రలతో, కీమోతో ఆ సంఖ్య ఎంత పెరుగుతుందో చూపిస్తుంది. ఆ 100 మందిలో మీరెక్కడ ఉంటారో మాత్రం అది చెప్పలేదు. అందుకే ఒంటరిగా చూసి బెంగ పెట్టుకోవద్దు.

ఎవరైనా "ముప్పు 30 శాతం తగ్గుతుంది" అంటే, 100 మందిలో ఎంతమందికి అని తిరిగి అడగండి. 100 మందిలో 10 మందికి రావాల్సింది 7 మందికి వచ్చినా 30 శాతం తగ్గినట్టే. ఆ ముగ్గురి లెక్క తెలిస్తేనే దుష్ప్రభావాలతో తూచి చూసుకోగలం.

5. లక్షణాలు నమోదు చేయండి, అవతల ఎవరు చదువుతారో కనుక్కోండి

నొప్పి, నీరసం, వాంతులు, నిద్ర, దిగులు వంటివాటికి 0 నుంచి 10 వరకు అంకె వేయడం చాలు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో, క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన 766 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. కీమో సమయంలో 12 సాధారణ లక్షణాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసినవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికిన లెక్క) 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిది 26 నెలలు. గమనించాల్సింది ఏమిటంటే, లక్షణం ముదిరినప్పుడు నర్సుకు ఈమెయిల్ వెళ్లేది, వాళ్లు స్పందించేవారు.

కాబట్టి యాప్ మొదలుపెట్టేముందే అడగండి: నేను రాసింది ఎవరు చూస్తారు? ఎన్ని గంటల్లో? రాత్రి, సెలవు రోజుల్లో ఎలా? ఎవరూ చూడని యాప్ అయితే అది మీ డైరీ మాత్రమే. అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్లి చూపించండి.

కీమో నడుస్తుండగా జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే యాప్‌లో రాసి కూర్చోవద్దు. వెంటనే ఫోన్ చేయండి, లేదా ఎమర్జెన్సీకి వెళ్లండి. తెల్లరక్తకణాలు బాగా తగ్గి ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదరొచ్చు. అడగకుండా జ్వరం మాత్ర వేసుకుంటే అసలు జ్వరం దాగిపోతుంది.

6. ప్లాన్‌ను రాతలో తీసుకోండి

గదిలోకి వెళ్లగానే ముఖ్యమైన రెండు మూడు ప్రశ్నలు ముందే అడిగేయండి. అనుమతి తీసుకుని మాటలు రికార్డ్ చేసుకోవచ్చు. లేచేముందు మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పి, సరేనా అని అడగండి. చికిత్స ఉద్దేశం పూర్తిగా నయం చేయడమా, అదుపులో ఉంచడమా, కీమో ఎన్ని సైకిళ్లు (విడతలు), తర్వాతి స్కాన్ ఎప్పుడు, ఇబ్బంది వస్తే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి అనేవన్నీ ప్లాన్‌లో ఉండాలి. పోర్టల్‌లో తప్పు కనిపిస్తే సరిచేయమని రాసి అడగండి.

రిపోర్టులోని పదాలు అర్థం చేసుకోవడానికి ఏఐ చాట్‌బాట్‌ను వాడొచ్చు. పేరు, ఆస్పత్రి నంబర్ తీసేసి ఇవ్వండి. మందు మార్చడం, ఆపడం లాంటి సలహాలకి దాని మీద ఆధారపడొద్దు.

7. ప్రతి స్కాన్ తర్వాత మళ్లీ చూడండి

చికిత్స సాగేకొద్దీ మీకు ముఖ్యమైనవి మారిపోవచ్చు. మూడో మెట్టులో రాసిన పాత పేజీ తుడిచేయకుండా తేదీ వేసి కొత్త స్టార్‌లు ఇవ్వండి, ఏం మారిందో ఒక వాక్యంలో రాయండి. తర్వాతి అపాయింట్‌మెంట్‌లో మాట అక్కడి నుంచే మొదలుపెట్టమని డాక్టర్‌ని అడగండి.