పాత కారు హీటర్ కోర్‌తో కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్

వీడియో రెండరింగ్ పెడితే చాలు, నా ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరి స్పీడు తగ్గించేసుకునేది. కొత్త కిట్ ధర చూశాక విజయవాడ ఆటోనగర్‌లో స్క్రాప్ షాపులు తిరిగాను. నాకు కావాల్సింది ముందుండే పెద్ద రేడియేటర్ కాదు, డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న హీటర్ కోర్, అంటే వేడినీళ్లు తిరుగుతూ గాలికి వేడి వదిలే బుల్లి రేడియేటర్. మన ఎండల్లో కారులో హీటర్ ఎవరు వేస్తారు!

కొనేముందు ఒక మూల గీకి చూడాలి. ఎర్రగానో పసుపుగానో కనిపిస్తే రాగి, ఇత్తడి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లలోకి పంపే బ్లాక్ రాగిది. అవే నీళ్లు అల్యూమినియంలోనూ తిరిగితే ఆ అల్యూమినియం మెల్లగా తినేసుకుపోతుంది. షాపాయన "రెండూ ఒకటేనండీ" అన్నా వినకండి.

లోపల పాత కూలెంట్, మడ్డి ఉంటాయి. వేడినీళ్లతో కడిగి, వెనిగర్ కలిపిన నీళ్లు నింపి కాసేపు ఉంచి, రంగు పోయేదాకా మళ్లీ కడిగాను. ఆ కూలెంట్ విషం, కుక్కలు నాకే చోట పారబోయకూడదు. తర్వాత ఒక గొట్టం మూసి, రెండోదాంట్లోకి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టి బకెట్‌లో ముంచాను. బుడగలు రాలేదు.

కారు అద్దం మీద నీళ్లు చిమ్మే మోటారు దీనికి పనికిరాదు, అది క్షణాలపాటు నడవడానికే. నీళ్లు తిప్పడానికి అక్వేరియం పంపు, డిస్టిల్డ్ వాటర్, హీటర్ కోర్‌కి గాలి కొట్టే 120 ఎంఎం ఫ్యాన్ పెట్టాను. కంప్యూటర్ ఆపి ఉంచి, కింద టిష్యూలు పరిచి, రాత్రంతా పంపు ఒక్కటే నడిపాను. తడి లేదు.

ఇప్పుడు అదే రెండరింగ్‌లో 70 దాటడం లేదు. మే నెలలో మాత్రం కొంచెం పెరుగుతుంది, ఎందుకంటే ఈ పద్ధతిలో నీళ్లు గది కంటే చల్లబడవు.