డేటా అయిపోయిందన్నారా? ముందు మీ లెక్క మీరు తీయండి

నెల సగం కూడా కాకుండానే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ నుంచి "మీరు 80 శాతం డేటా వాడేశారు" అని మెసేజ్ వస్తే ఒళ్లు మండుతుంది. అయినా వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయకండి. నేను చేశాను. అరగంట మ్యూజిక్ వినిపించి, చివరికి "రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. డేటా అయిపోవడానికీ దానికీ ఏంటండీ సంబంధం?

అసలు "అన్‌లిమిటెడ్" అని పెద్దక్షరాల్లో వేసి, ఎఫ్‌యూపీ లిమిట్ (ఇంత డేటా దాటితే స్పీడ్ తగ్గించేస్తాం అనే షరతు) సంగతి కింద చీమ తలకాయంత అక్షరాల్లో పెడతారు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. లిమిట్ 1000 జీబీ అనుకోండి, ఆ స్పీడుని ఆపకుండా వాడితే 22 గంటల్లో చేతులెత్తేయాల్సిందే, నెలంతటికీ ఇచ్చింది ఒక్క రోజుకి కూడా రాదన్నమాట.

ఇక లెక్క. రూటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. ఏయే పరికరాలు కనెక్టయి ఉన్నాయో కనిపిస్తుంది, కొన్ని రూటర్లలో ఏది ఎంత లాగిందో కూడా చూపిస్తుంది. తెలియని పేరు ఉంటే వెంటనే వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వాడకం వాటి సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. టీవీకి మాత్రం అంచనా వేసుకోవాలి: హెచ్‌డీ అయితే గంటకు దాదాపు 3 జీబీ, 4కే అయితే 7. చాలామంది మర్చిపోయేది ఇంటి కాపలాకి పెట్టుకునే కెమెరా. వీడియోని రాత్రీపగలూ క్లౌడ్‌కి పంపే కెమెరా 2 ఎంబీపీఎస్ వాడినా రోజుకు 21 జీబీ దాటుతుంది, నెలకు దాదాపు 650. మీ ప్లాన్‌లో అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుందో లేదో చూసుకోండి. మా ఇంట్లో డేటా దొంగ ఆ కెమెరానే!

ఇవన్నీ కలిపినా వాళ్లు చెప్పినదానికి పొంతన లేకపోతే అప్పుడు పట్టుకోండి, కానీ ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనో యాప్‌లోనో. రోజువారీ వాడకం వివరాలు పంపమని అడగండి. స్పీడ్ గొడవైతే ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, మిగతావన్నీ ఆపేసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు జత చేయండి. కేబుల్‌తో బాగా వచ్చి వైఫైలోనే తగ్గితే తప్పు వాళ్లది కాకపోవచ్చు, రూటర్ చోటు మార్చి చూడండి. "మా వైపు అంతా బానే ఉంది" అంటే ఆ మాటే రాసివ్వమనండి, చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది. కంప్లైంట్ నంబర్ రాసుకోండి. పని కాకుండానే క్లోజ్ చేస్తే కొత్తది పెట్టకండి, పెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది, పాత నంబరుతోనే పై అధికారికి పంపమనండి.

విసిగిపోయి కనెక్షన్ మార్చేస్తున్నారా? ముందు కొత్తది పని చేయనివ్వండి, తర్వాతే పాతది తీసేయించండి. రూటర్ తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు మాత్రం వదలొద్దు, మూడు నెలల తర్వాత "మా రూటర్ ఏది?" అని బిల్లు పంపితే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.