పరామర్శకు వెళ్లినప్పుడు

ఇంట్లో మరణం సంభవించిన స్నేహితుణ్ణి పలకరించడానికి వెళ్లినప్పుడు "అంతా మన మంచికే", "నీ బాధ నాకు తెలుసు" అనే మాటలను దయచేసి పక్కన పెట్టండి. ఆ బాధ నిజానికి మనకు తెలియదు. "ఏం మాట్లాడాలో తోచడం లేదురా, కాసేపు నీ దగ్గర కూర్చుంటాను" అంటే చాలు. "ఇంకాస్త ముందే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే నాన్న బతికేవారేమో" అని అతను కుమిలిపోతుంటే, తెలియని విషయాన్ని తెలిసినట్టు కొట్టిపారేయకుండా, "ఆ రాత్రి నీకు తెలిసినంతలో చేయగలిగింది చేశావు" అన్న నిజాన్ని మాత్రమే నెమ్మదిగా చెప్పండి.

పెద్దకర్మ ముగిసి, షామియానా విప్పి, అద్దె కుర్చీలు ఆటోలో వెళ్లిపోయాకే ఇల్లు అసలు బోసిపోతుంది కనుక, ఆ తరువాతి వారం క్యారేజీలో చారు, అన్నం పట్టుకుని మళ్లీ వెళ్లండి. "ఏదైనా కావాలంటే చెప్పు" అనే బదులు, 21 రోజుల్లోగా చేయించవలసిన మరణ నమోదు వంటి పనికి మీరే అతన్ని బండి మీద తీసుకెళ్లండి. బతకాలని లేదని అతను అంటే మాత్రం ఒంటరిగా వదలకండి. ఉచితంగా 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు పక్కనే కూర్చుని ఫోన్ చేయించండి.