బెంగళూరులో అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు

ఇల్లు కళ్లారా చూసి, యజమాని పేరును ఆస్తి పన్ను రసీదుతో సరిచూసుకోనిదే టోకెన్ సొమ్ము కూడా పంపకూడదు. హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దెతో సరిపోయే అడ్వాన్సును బెంగళూరులో ఐదు నుంచి పది నెలల దాకా అడుగుతారు కనుక, మోసపోతే పోయేది చిన్న మొత్తం కాదు.

ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరిట ఒక నెల అద్దె మినహాయించుకోవడం అక్కడ వాడుక. ఆ కోత ఎంతో, మిగిలినది ఎన్ని రోజుల్లో ఇస్తారో 11 నెలల అద్దె ఒప్పందంలోనే రాయించుకోవాలి. నోటిమాట ఇల్లు ఖాళీ చేసే నాటికి గుర్తుండదు.

వచ్చేది కావేరి నీరా (నగర కుళాయి సరఫరా), బోరు నీరా, ట్యాంకరా అని అడగాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి చాలామంది ట్యాంకర్లపై ఆధారపడ్డారు. కుళాయి మూతిన తెల్లని పొర పేరుకుని ఉంటే వచ్చేది ఖనిజ లవణాలు ఎక్కువున్న కఠిన జలమే.

ఆఫీసు దూరాన్ని సెలవు రోజున కాక, పనిరోజు ఉదయం తొమ్మిదింటికి వెళ్లి చూసుకోవాలి.