ఆల్చిప్పల దిబ్బ ఎలా కట్టాలి? గుల్లల సంచుల పద్ధతి

ఆల్చిప్ప లార్వా రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూ తిరిగి, మిల్లీమీటరులో మూడో వంతు సైజుకి వచ్చాక గట్టి వస్తువు ఏదైనా దొరికితే అతుక్కుంటుంది. ఇక జన్మలో కదలదు. బురదలో పడిందా, ఊపిరాడక చస్తుంది. దానికి బాగా నచ్చే చోటు పాత ఆల్చిప్పల గుల్లలే. తిన్నాక ఆ గుల్లల్ని రోడ్లకీ, కోళ్ల దాణాకీ, సున్నపు బట్టీలకీ తోలేస్తే, ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని పెరిగే దిబ్బ మళ్లీ లేవదు. గుల్ల సున్నం మన కోస్తాకీ కొత్త కాదు.

అమెరికాలోని సౌత్ కరోలినా ఉప్పుటేర్లలో లార్వాకి కొదవ లేదు, కూర్చోడానికి గుల్లలే కరువు. అలాంటి చోట సంచుల పద్ధతి, అంటే పాత గుల్లలు నింపిన వల సంచుల్ని ఏటి ఒడ్డున పేర్చడం, బాగా పనిచేస్తుంది. చీసపీక్ అఖాతంలోని మేరీలాండ్ వైపు లార్వాయే తక్కువ కాబట్టి, హేచరీలో పిల్లల్ని అంటించిన గుల్లల్ని తెచ్చి వేస్తారు. మీ ఏరు ఏ రకమో ముందు తేల్చుకోండి: ఎండాకాలం మొదట్లో నాలుగైదు సంచులు పెట్టి, చలికాలం వచ్చేలోపు పిల్లలు అంటుకున్నాయో లేదో చూడండి. ఈ ఒక్క పరీక్ష ఎగ్గొట్టి డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

1. గుల్లలు ఆరబెట్టడం

హోటళ్ల నుంచి వచ్చిన గుల్లల్లో నిమ్మచెక్కలు, ఫోర్కులు, ప్లాస్టిక్ ఏరేయండి. కనీసం 6 నెలలు ఎండకీ వానకీ వదిలేయండి, మధ్యమధ్య తిరగేయండి. మాంసం అంటుకుని ఉంటే డెర్మో లాంటి రోగం కొత్త నీళ్లలోకి చేరుతుంది.

2. చోటు

అసలు పని ఇదే. సౌత్ కరోలినాలో ఆల్చిప్పలు దాదాపు అన్నీ పోటుకి మునిగి, ఆటుకి బయటపడే మేరలోనే బతుకుతాయి. మరీ కిందికి పోతే పీతలు, గుల్లకి బెజ్జం వేసే నత్తలు తినేస్తాయి. మరీ పైకి పోతే ఎండకి మాడిపోతాయి. చుట్టుపక్కల సహజంగా పెరిగిన ఆల్చిప్పలు ఏ ఎత్తులో ఉన్నాయో చూసి అదే ఎత్తు పట్టుకోండి. సాధారణంగా అది ఒడ్డు గడ్డికి కాస్త దిగువన ఉంటుంది.

నేల మీద నిలబడండి. చీలమండ దాటి కాలు దిగబడితే సంచులూ దిగబడతాయి. అలాంటి చోట కింద చెక్క ప్యాలెట్లు వేయాలి, లేదా ఆ చోటు వదిలేయాలి. ఉప్పదనం 14 నుంచి 28 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) మధ్య ఉంటే మేలు. రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే చాలు. వేసవిలో వారాల తరబడి 5 కన్నా తగ్గితే చనిపోతాయి. పడవల అలలు నేరుగా కొట్టే మలుపు వద్దు. తీరంలో ఏది కట్టాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పదు.

3. సంచులు

ఒక్కో వల సంచిలో 13–14 కిలోలు నింపండి, అంతకు మించితే బురదలో మోయలేరు. సంచి సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు అనుకుంటే 5 మీటర్లు × 1 మీటరు దిబ్బకి నేల మీద పరిచే ఒక వరసకి 33, దాని మీద ఇంకో వరస పేరిస్తే మొత్తం 66 సంచులు. అంటే దాదాపు 900 కిలోల గుల్లలు. ప్లాస్టిక్ వల ఎండకి పెళుసెక్కి ముక్కలుగా నీళ్లలో కలుస్తుంది. మట్టిలో కలిసిపోయే వల గానీ, సిమెంటు పూసిన పాత పీతల బోను గానీ మేలు.

4. వేయడం

నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటాక లార్వా మొదలవుతుంది, కాబట్టి సౌత్ కరోలినా లాంటి చోట మే–ఆగస్టు మధ్య వేయండి. చలికాలంలోనే వేసేస్తే లార్వా వచ్చేసరికి గుల్లల మీద ఒండ్రు, నాచు పేరుకుపోతాయి. ఆటు సమయంలో ఒడ్డుకి సమాంతరంగా, సందుల్లేకుండా పేర్చి, ఇనప ఊచలతో బిగించండి.

రెండో వరస దండగ అనుకోకండి. వర్జీనియాలోని గ్రేట్ వైకోమికో నదిలో 2004లో కట్టిన, ఎప్పుడూ నీటిలోనే ఉండే దిబ్బల్లో 25–45 సెంటీమీటర్ల ఎత్తున్నవాటి మీద, 8–12 సెంటీమీటర్లవాటి కన్నా ఆల్చిప్పలు సుమారు 4 రెట్లు ఒత్తుగా నిలిచాయి. ఎత్తుంటే ఒండ్రు కప్పేయదు.

5. లెక్క

ఏటా ఒకసారి, శీతాకాలం ముందు, 50 సెంటీమీటర్ల చదరపు చట్రం నాలుగైదు చోట్ల పెట్టి, ఒక్కో చోట బతికున్నవి లెక్కపెట్టి, సగటు తీసి నాలుగుతో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. చీసపీక్‌లో 2011లో పెట్టుకున్న కొలత ప్రకారం కనీసం 15, లక్ష్యం 50. సంచులు కనిపిస్తూ ఉండీ పిల్లలు లేకపోతే ఎత్తు తప్పిందో, వేసిన నెల తప్పిందో చూడండి. సంచులే కనిపించకపోతే నేల తప్పు. అదే చోట మళ్లీ గుల్లలు పోయకండి.