కార్బన్ ఎలక్ట్రోడ్‌పై పారాసిటమాల్ పీక్ తిక్కగా వస్తోందా? సమస్య - పరిష్కారం

ఎలక్ట్రోడ్‌పై వోల్టేజీని మెల్లగా మారుస్తూ (అదే స్కాన్) కరెంటు కొలిస్తే, మందు ఆక్సీకరణం చెందే చోట కరెంటు శిఖరంలా లేస్తుంది. అదే పీక్, దాని ఎత్తుని బట్టి మందు ఎంతుందో లెక్కకడతాం.

స్కాన్ చేసేకొద్దీ పీక్ తగ్గిపోతోంది

ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే. మందు ద్రావణం పాడైందని పారబోసేముందు సెల్‌ని (ఎలక్ట్రోడ్లు ముంచిన ద్రావణం పాత్రని) బాగా కలిపి, ఒక నిమిషం కదపకుండా ఉంచి మళ్లీ స్కాన్ చేయండి. పీక్ తిరిగి పెరిగితే ఎలక్ట్రోడ్ దగ్గర మందు అయిపోయిందంతే, అది కలవడానికి టైమ్ ఇవ్వలేదు. పెరగకపోతే ఎలక్ట్రోడ్ ముఖమే మూసుకుపోయింది. పారాసిటమాల్ రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదిలి క్వినోన్ ఇమైన్ అనే పదార్థంగా మారుతుంది. దాని నుంచి పుట్టే పదార్థాలు కొన్ని కార్బన్‌కి పొరలా అంటుకుంటాయి. గాఢత ఎక్కువైతే, అవసరానికి మించి పై వోల్టేజీకి వెళ్తే పొర ఇంకా త్వరగా పడుతుంది.

గ్లాసీ కార్బన్ (గాజులా గట్టిగా, నున్నగా ఉండే కార్బన్) అయితే 0.05 మైక్రాన్ అల్యూమినాతో తడి ప్యాడ్ మీద 8 ఆకారంలో రుద్ది, నీళ్లతో కడిగి, కాసేపు సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో శుభ్రం చేసే తొట్టిలో) పెట్టండి. మెరుపు చూసి సరిపోయిందనుకోవద్దు. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 1 మిల్లీమోలార్ ఫెర్రిసయనైడ్ (ఎలక్ట్రోడ్‌ని పరీక్షించడానికి వాడే పదార్థం) వేసి సైక్లిక్ వోల్టామెట్రీ, అంటే వోల్టేజీని ఒకవైపుకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చే స్కాన్, తీయండి. వెళ్లేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు వచ్చే రెండు పీకుల మధ్య 70-90 మిల్లీవోల్టులుంటే పని నడుస్తుంది, వంద దాటితే మళ్లీ పాలిష్ చేయాల్సిందే. పైన నానో పూత ఉంటే పాలిష్‌తో అదీ పోతుంది, కాబట్టి మళ్లీ వేయాలి. ప్రింటెడ్ స్ట్రిప్ (పట్టీ మీద ముద్రించిన ఎలక్ట్రోడ్) అయితే పారేసి కొత్తది తీసుకోండి.

పీక్ పక్కకి జరిగింది

పీహెచ్ 7 దగ్గర సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో (వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడ్‌తో) పీక్ సుమారు 0.4 వోల్టుల చుట్టూ వస్తుంది. పీహెచ్ ఒక యూనిట్ మారితే దాదాపు 59 మిల్లీవోల్టులు జరుగుతుంది, కాబట్టి ముందు బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ కొలవండి. అది సరిగ్గానే ఉంటే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ని అనుమానించండి. లోపల గాలి బుడగ చిక్కుకుందేమో వెలుతురులో పట్టి చూడండి.

మాత్రలో సరైన విలువ, మూత్రం శాంపిల్‌లో ఎక్కువ

పూత లేని కార్బన్‌పై యూరిక్ ఆమ్లం, విటమిన్ సి పీకులు పారాసిటమాల్ పీక్‌కి దగ్గరగా వచ్చి కలిసిపోతాయి. నాఫియాన్ అనే పాలిమర్ పూత వేస్తే దాని రుణావేశం, పీహెచ్ 7 దగ్గర రుణావేశంతోనే ఉండే ఆ రెండింటినీ నెట్టేస్తుంది. పారాసిటమాల్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలి రుణావేశం పొందే పీహెచ్) సుమారు 9.5. అంటే పీహెచ్ 7 దగ్గర దానికి ఆవేశం ఉండదు, లోపలికి పోగలదు. అయినా శుద్ధ బఫర్‌లో గీసిన కాలిబ్రేషన్ గీతతో (తెలిసిన గాఢతలకి పీక్ ఎత్తు చూపే గీతతో) మూత్రాన్ని లెక్కకట్టొద్దు. అదే శాంపిల్‌కి తెలిసిన మొత్తాలు కలుపుతూ కొలవండి.

నానోట్యూబుల పూత వేశాక బ్యాక్‌గ్రౌండ్ ఉబ్బింది

బ్యాక్‌గ్రౌండ్ అంటే మందు లేకున్నా వచ్చే కరెంటు. అది ఉబ్బిందంటే పూత మందమైంది. పలచటి ద్రావణం, చిన్న చుక్క వాడండి. ఎండాక అంచుల్లో టీ మరకలా రింగు కనిపిస్తే పూత సమంగా పడనట్టే.

ఐబుప్రొఫెన్‌కి పీకే రావట్లేదు

సెన్సార్‌ని తిట్టకండి. ఆ అణువులో పారాసిటమాల్‌లా సులువుగా ఆక్సీకరణం చెందే ఫినాల్ గ్రూపు లేదు. ఒక వోల్టు దాటి చాలా పైకి వెళ్లాలి, అక్కడ మామూలు కార్బన్‌పై నీరే ఆక్సీకరణం చెందుతూ పీక్‌ని మింగేస్తుంది. దీనికి నీరు అంత త్వరగా ఆక్సీకరణం చెందని, బోరాన్ కలిపిన డైమండ్ ఎలక్ట్రోడ్ పట్టుకోవడం మేలు.